వడ్లు ఆరబోసిన రోడ్డు మీద ఎం5 నడపాలంటే

మొన్న సూర్యాపేట నుంచి ఒక డ్రైవర్ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మా సార్ బీఎండబ్ల్యూ ఎం5 కారు బుక్ చేసిండు. వచ్చే నెల వస్తదంట. నాకు రాత్రి నిద్ర పడ్తలేదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఏడాది కింద నా పరిస్థితీ అదే. గంటసేపు మాట్లాడినా సగమే చెప్పగలిగాను. మిగతా సగం కోసం, ఇంకెవరైనా ఇలాగే నిద్ర పట్టక తిరుగుతుంటే వాళ్ల కోసం, రాస్తున్నాను.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు యజమాని దగ్గర 18 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మొదట మిల్లు లారీ, తర్వాత క్వాలిస్, ఆ తర్వాత ఇన్నోవా, ఇప్పుడు ఈ బీఎండబ్ల్యూ. కొన్నది సార్ కొడుకు. మిల్లులో అందరం ఆయన్ని చిన్న సార్ అంటాం. వారమంతా హైదరాబాద్‌లో పని, శనివారం వచ్చిందంటే మిర్యాలగూడ, ఆదివారం నిడమనూరు అవతల కాల్వ పక్కన ఉన్న సొంతూరు, వాళ్ల అవ్వ దగ్గరికి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద, విజయవాడ హైవే మీద ఆయనే నడుపుతారు. నార్కట్‌పల్లి దగ్గర కుడివైపు తిరిగి మా రోడ్డు ఎక్కాక స్టీరింగ్ నాకిస్తారు. అంటే స్పీడు ఆయనది, స్పీడ్ బ్రేకర్లు నావి.

ముందు మీ చేతికి వస్తున్నది ఏమిటో తెలుసుకోండి. ఎం5 అనే పేరు 1980ల నుంచీ ఉంది. ఇది ఏడో తరం, కంపెనీ వాళ్ల భాషలో జీ90. జర్మనీలో డింగోల్ఫింగ్ అనే ఊళ్లో తయారై, బిగింపు పని ఏదీ మిగలకుండా పూర్తి కారుగానే ఇక్కడికి దిగుతుంది. 2024 నవంబరులో మన దేశంలో విడుదలైనప్పుడు షోరూమ్ ధర 1.99 కోట్లు. లోపల 4.4 లీటర్ల వీ8 పెట్రోలు ఇంజిను, దానికి రెండు టర్బోలు. ఈ తరంలో కొత్తగా గేర్‌బాక్స్‌లోనే ఒక కరెంటు మోటారు కూడా కూర్చుంది. ఇంజిను 585 హార్స్‌పవర్, మోటారు 197, రెండూ కలిసి 727. మా మిల్లు గుమస్తా ఈ లెక్క చూసి "55 ఎక్కడ పోయినయి?" అని అడిగాడు. తరుగు తీశారని చెప్పాను. నిజానికి రెండూ కలిపి చక్రాలకు పంపేది అంతవరకే అని కంపెనీ కట్టేసిన లెక్క అది.

సున్నా నుంచి వందకు 3.5 సెకన్లు. ఈ సంఖ్య అందరూ చెబుతారు. మీరు గుర్తుపెట్టుకోవలసినవి వేరే ఉన్నాయి. బరువు 2435 కిలోలు. దీనికి ముందు తరం ఎం5 కంటే దాదాపు 5 క్వింటాళ్లు ఎక్కువ, మిల్లు భాషలో 50 కిలోల బస్తాలు పది. పొడవు 5 మీటర్ల 10 సెంటీమీటర్లు. వెడల్పు 1.97 మీటర్లు, మామూలు 5 సిరీస్ కంటే 7 సెంటీమీటర్లు ఎక్కువ, అద్దాలతో కలిపితే రెండు మీటర్లు దాటుతుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 3 మీటర్లు. మన దగ్గర ఈ కారు నడపడమంటే పది బస్తాల ఎక్స్‌ట్రా లోడుతో, రోడ్డుకు పొట్ట ఆనించుకుని పోతున్న పొడవాటి బండిని ఇంటికి చేర్చడం. 727 హార్స్‌పవర్ గురించి మీకు రోజూ గుర్తుండదు. పొట్ట గురించి ప్రతి రెండు కిలోమీటర్లకూ గుర్తుంటుంది.

కారు రాకముందే ఎర్త్ చూపించుకోండి

ఇది ప్లగ్-ఇన్ హైబ్రిడ్, అంటే పెట్రోలుతోనూ, ప్లగ్గుకు పెట్టి ఛార్జ్ చేసిన కరెంటుతోనూ నడిచేది. కింద 18.6 యూనిట్లు పట్టే బ్యాటరీ ఉంది. దాన్ని ఛార్జ్ చేయకుండా కూడా కారు నడుస్తుంది, కాని అప్పుడు పది బస్తాల బరువు ఊరికే మోసినట్టే. కంపెనీ కాగితం మీద ఫుల్ ఛార్జికి కరెంటు మీదే దాదాపు 67 కిలోమీటర్లు పోతుందని ఉంటుంది. మా ఎండకు ఏసీ వేసుకుని నేను నడిపితే 50 దాటిన రోజు మంచి రోజు.

కారుతో వచ్చిన కేబుల్‌ని మొదటి రోజు మిల్లులో 15 ఆంప్స్ సాకెట్‌కు పెట్టాను. డబ్బా మీద ఎర్ర లైటు. వేరే సాకెట్, మళ్లీ ఎర్ర లైటు. షోరూమ్ నుంచి వచ్చిన కుర్రాడు కేబుల్ పాడైందేమో అన్నాడు. మా మిల్లు ఎలక్ట్రీషియన్ వచ్చి, టెస్ట్ ల్యాంపు తీసి, ఒక వైరు ఫేజ్‌కు, ఇంకో వైరు ఎర్త్‌కు పెట్టాడు. బల్బు మినుకు మినుకుమంది, మిణుగురు పురుగులాగా. "కేబుల్ మంచిగనే ఉంది, మన ఎర్తే సచ్చింది" అన్నాడు. ఇరవై ఏళ్ల కింద తవ్విన ఎర్త్ గుంత ఎప్పుడో ఎండిపోయింది. మోటార్లు అలాగే తిరుగుతున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. ఈ కారు ఛార్జర్ మాత్రం ఎర్త్ సరిగా లేకపోతే ఒక్క యూనిట్ కూడా లోపలికి రానివ్వదు. అది దాని తప్పు కాదు, మనల్ని కాపాడటానికే.

మర్నాడు షెడ్డు వెనక కొత్త గుంత తవ్వించాం. మనిషి లోతు దాటించి, మధ్యలో జీఐ పైపు నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు పోసి, పైన మట్టి కప్పి రెండు బిందెల నీళ్లు పోశారు. అక్కడి నుంచి షెడ్డులోకి కొత్త తీగ, 16 ఆంప్స్ సాకెట్, దానికి వేరే ఎంసీబీ. ఈసారి డబ్బా మీద పచ్చ లైటు. ఎండాకాలంలో ఆ గుంతలో వారానికి ఒక బిందె నీళ్లు పోస్తాను. మీ సార్ ఇల్లు ఊళ్లో ఉంటే కారు డెలివరీకి వారం ముందే ఈ పని చేయించండి. ఇంకో మాట, ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టకండి. రాత్రంతా లోడు లాగుతుంటే ప్లగ్ కరిగిపోతుంది. ఇలాంటి సాకెట్ మీద రాత్రి భోజనం చేసి పెడితే తెల్లవారేసరికి ఫుల్ అవుతుంది.

హైవే మీద ధాబాల దగ్గర ఫాస్ట్ ఛార్జర్లు కనబడి ఆశ పుడుతుంది. అవి దీనికి పనికిరావు. ఇది ఇంటి కరెంటు లాంటి ఏసీ మాత్రమే తీసుకుంటుంది. అక్కడ ఆగి చాయ్ తాగండి, అంతే.

బ్యాటరీని ఊరికి దాచుకోండి

చాలామంది హైదరాబాద్‌లో బటన్ నొక్కి కారు ఎలా పోతే అలా పోనిస్తారు. కారేమో నగరం దాటకముందే సగం బ్యాటరీ తినేస్తుంది. తీరా ఊరికి వచ్చాక వీ8 గర్జిస్తూ ఇరుకు సందుల్లో పోవలసి వస్తుంది. పశువులు బెదురుతాయి, కుక్కలు వెంటబడతాయి, పడుకున్న ముసలివాళ్లు తిడతారు.

మేం ఇలా చేస్తాం. ఫుల్ ఛార్జితో బయలుదేరి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ దిగి హైవే ఎక్కగానే హైబ్రిడ్ మెనూలో ఈ-కంట్రోల్ పెడతాం. అది బ్యాటరీని ఉన్నచోట ఉంచి ఇంజిను మీద నడిపిస్తుంది. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నల్లగొండ బైపాస్, మాడ్గులపల్లి టోల్ దాకా అలాగే. మిర్యాలగూడ ఊళ్లోకి రాగానే ఎలక్ట్రిక్. కరెంటు మీద ఇది గంటకు 140 కిలోమీటర్ల దాకా పోగలదు కాబట్టి ఊళ్లో ఇంజిను లేచే అవసరమే ఉండదు. అవ్వ వాళ్ల ఊరికి పోయి రావడం మొత్తం కరెంటు మీదే. కాని ఒకటి గుర్తుంచుకోండి, యాక్సిలరేటర్ నేల దాకా తొక్కితే ఇంజిను లేచి కూర్చుంటుంది. పాదం కింద పచ్చి కోడిగుడ్డు ఉందనుకోండి.

మొదటిసారి ఊరికి పోయినప్పుడు అవ్వ అరుగు మీద కూర్చుని మాట్లాడుతూనే ఉంది. కారు ముందుకొచ్చి ఆగినా చూడలేదు. నేను దిగాక ఉలిక్కిపడి, "ఏందిరా, ఇంజను బంద్ జేసి నూక్కుంట వచ్చిన్రా?" అంది. అందుకే చెబుతున్నా, సందుల్లో చప్పుడు లేకుండా వెనకనుంచి వెళ్తే మనుషులు పక్కకు జరగరు. అద్దం దించి "అమ్మా, జర పక్కకు" అనడమే మంచిది. ఈ కారు హారన్ పెద్ద గొంతు, దగ్గర్నుంచి కొడితే ముసలివాళ్ల గుండె ఆగుతుంది.

పెట్రోలు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. 95 ఆక్టేన్ లేదా పైది హైదరాబాద్‌లోనే నింపుకొని రండి. ట్యాంకు 60 లీటర్లు. బంకులో మూతను చేత్తో నొక్కితే తెరుచుకోదు. ఇలాంటి ప్లగ్-ఇన్ కార్లలో ట్యాంకు లోపల ఒత్తిడి కట్టి ఉంటుంది. లోపలి నుంచి బటన్ నొక్కి, స్క్రీన్ మీద మెసేజ్ వచ్చేదాకా ఆగాలి. మొదటిసారి బంకు కుర్రాడు మూత కింద గోరు పెట్టి పీకబోయాడు. నేను అరిచిన అరుపుకు పక్క లైన్లో ఆటోవాడు బండి ఆఫ్ చేశాడు. మైలేజ్ ఎంత అని అందరూ అడుగుతారు. బ్యాటరీ నింపుకుని నడిపిన లెక్క ప్రకారం కంపెనీ కాగితంలో వంద కిలోమీటర్లకు రెండు లీటర్ల లోపే రాసి ఉంటుంది. బ్యాటరీ ఖాళీ అయితే మాకు లీటరుకు ఏడో ఎనిమిదో. నేను మాత్రం "సార్‌ను అడగండి" అంటాను.

స్టీరింగ్ మీద రెండు ఎర్ర బటన్లు ఉంటాయి, ఎం1, ఎం2. చిన్న సార్ ఎం2లో తనకిష్టమైన సెట్టింగులు పెట్టుకున్నారు, నేను దాన్ని ముట్టను. ఎం1 నాది. డ్యాంపర్లు (కుదుపులు ఆపేవి), స్టీరింగ్, బ్రేక్ అన్నీ కంఫర్ట్, అంటే మెత్తటి సెట్టింగు. మీరూ మీ సార్‌తో మాట్లాడి ఒక బటన్ మీ పేరున రాయించుకోండి. గట్టి డ్యాంపర్లతో మాడ్గులపల్లి దాటి ప్యాచ్‌లు వేసిన రోడ్డు మీద పోతే వెనక కూర్చున్నవాళ్ల చాయ్ గ్లాసులో ఏమీ మిగలదు. ఔటర్ మీద లిమిట్ 120, నాలుగు లైన్ల జాతీయ రహదారి మీద 100. మూడున్నర సెకన్లలో లిమిట్‌కు చేరే కారుకు ఆ తర్వాత పనేమీ లేదు. చౌటుప్పల్, చిట్యాల చుట్టుపక్కల రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, డివైడర్ సందులోంచి దూకే మనుషులు ఉంటారు. 2435 కిలోలు ఎంత మంచి బ్రేకులకైనా బరువే. కారు జారకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్ తీసేస్తే వెనక చక్రాలతోనే నడిపే మోడ్ కూడా ఉంది. దాన్ని మన రోడ్ల మీద వాడమని ఎవరైనా అంటే దిగి ఆటోలో వెళ్లమనండి.

స్పీడ్ బ్రేకర్

అసలు పాఠం ఇది. కొన్ని ఖరీదైన కార్లలో బటన్ నొక్కితే కారు పైకి లేస్తుంది. దీనికి గాలి సస్పెన్షన్ కాదు, స్ప్రింగులే. లేవదు. ఉన్న ఎత్తుతోనే దాటించాలి.

మనకు రెండు రకాల బ్రేకర్లు. ఆర్ అండ్ బీ వాళ్లు వేసినవి వెడల్పుగా ఉంటాయి, పోనీ అనుకోవచ్చు. ఊళ్లో ఎవరికైనా యాక్సిడెంట్ అయిన మర్నాడు ఊరోళ్లే సిమెంటుతో పోసుకున్నవి ఉంటాయి, వాటితోనే ప్రమాదం. నిటారుగా, మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు, పెయింటు ఉండదు. దీంట్లో తప్పు వాళ్లది కాదు. నేనూ మా ఊళ్లో అలాంటి దానికి 200 చందా ఇచ్చినవాడినే.

అందరూ చేసే పొరపాటు, బ్రేకు తొక్కుతూ ఎక్కడం. బ్రేకు తొక్కితే ముక్కు కిందికి వంగుతుంది, సరిగ్గా ఎక్కేటప్పుడే కారు ఇంకా కిందికి దిగుతుంది. బ్రేకర్‌కు రెండు మూడు మీటర్ల ముందే మనిషి నడిచే వేగానికి తెచ్చి, చక్రం తగిలే క్షణానికి బ్రేకు మీద నుంచి కాలు తీసేయండి. ముక్కు లేస్తుంది. అలా పాక్కుంటూ ఎక్కనివ్వండి. కరెంటు మోటారు ఇక్కడ బంగారం. ఇంజిను కారులాగా ఉలికి ముందుకు దూకదు, నూలు పోగులాగా లాగుతుంది.

రెండోది, నేరుగా ఎక్కకండి. ఎదురుగా బండి లేకపోతే ఏటవాలుగా తిప్పి, ముందు ఎడమ చక్రం, తర్వాత కుడి చక్రం, ఒక్కొక్కటిగా ఎక్కించండి. ముందు చక్రాలు దాటాయని ఊపిరి పీల్చుకోకండి. అసలు గండం ఇప్పుడే. బ్రేకర్ వీపు ఆ మూడు మీటర్ల మధ్యకు, పొట్ట కిందికి వస్తుంది. అక్కడ కుదుపు ఇచ్చారంటే గీరుకుంటుంది. వెనక చక్రాలు కూడా దిగేదాకా అదే పాకుడు. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీ నిండా సామాను ఉంటే మొహమాటం లేకుండా దిగమనండి. మా సార్ బావమరిది ఒకసారి దిగనన్నారు. "సరే సార్, గీర పడితే మీరే చెప్పాలె చిన్న సార్‌కు" అన్నాను. దిగారు.

నాకు తగిలిన దెబ్బ బ్రేకర్‌తో కూడా కాదు. నీళ్ల పైపు కోసం రోడ్డు అడ్డంగా తవ్వి, కంకర పోసి వదిలేసిన గాడి. రాత్రి తొమ్మిదిన్నర, పెళ్లి నుంచి వస్తున్నాం. దుమ్ము, ఎదురుగా ట్రాక్టర్ లైట్లు. కింద గర్ర్ మని చప్పుడు. ఆపి, తువ్వాలు పరిచి, వెల్లకిలా పడుకుని ఫోన్ టార్చ్ వేశాను. కింద కప్పి ఉండే ప్లాస్టిక్ షీటు ఒక మూల క్లిప్పులు ఊడి నాలుకలాగా వేలాడుతోంది. నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల గీతలు, జొన్న రొట్టె మీద గోరు గీసినట్టు. నూనె కారలేదు, వాసన లేదు. డిక్కీలో ఉన్న ప్లాస్టిక్ ట్యాగులతో (బిగించి కట్టే పట్టీలు) షీటు పైకి లాగి కట్టి, ఇరవై స్పీడులో ఇంటికి తెచ్చాను. అప్పటి నుంచి డిక్కీలో ట్యాగులు, పాత తువ్వాలు, చేతి టార్చ్ లేకుండా కదలను. అలా తగిలినప్పుడు ఏమీ కాలేదులే అని పోకండి. కిందనే హైవోల్టేజ్ బ్యాటరీ ఉంది. లిఫ్ట్ మీద ఎక్కించి వర్క్‌షాపు వాళ్లకు చూపించేదాకా ఛార్జింగ్ కూడా పెట్టకండి.

వడ్ల కాలం

వానాకాలం పంట అక్టోబరు చివర నుంచి, యాసంగి ఏప్రిల్ నుంచి. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద హాలియా, నిడమనూరు, త్రిపురారం వైపు ఆ నెలల్లో సగం రోడ్డు మీద వడ్లే. హార్వెస్టర్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి, తేమ తగ్గితేనే కొంటారు, కళ్లం అందరికీ లేదు. రోడ్డు మీద ఆరబోయక రైతు ఏం చేస్తాడు? ఆ వడ్లే మా మిల్లుకు వచ్చేది, ఆ మిల్లుతోనే ఈ కారు వచ్చింది. కాబట్టి హారన్ కొట్టి వడ్లు జరపమనే హక్కు మనకు లేదని నా లెక్క.

పగలు సమస్య లేదు, మిగిలిన సగంలో పోవచ్చు. రాత్రి కష్టం. వడ్ల అంచున బండ్లు ఎక్కకుండా రాళ్లు పేరుస్తారు, కుప్ప మీద నల్ల పరదా కప్పుతారు. నల్ల రోడ్డు మీద నల్ల పరదా, దాని ముందు తలకాయంత రాయి. లైట్లు ఎంత మంచివైనా దగ్గరికి వచ్చేదాకా కనబడవు. ఆ నెలల్లో పొద్దుగూకాక మా ఊరి రోడ్డు మీద 40 దాటను. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ముందే ఆగి దానికి దారి ఇస్తాను. ట్రాలీ నిండా వడ్లతో వాడు వెనక్కి పోలేడు, మనకు చుట్టూ కెమెరాలు ఉన్నాయి, మనమే పోవాలి. అద్దాలు ముడిచి నిలబడండి. కాని ఎడమ చక్రాలు మట్టిలోకి దించకండి. కాల్వ కింద నల్లరేగడి, వాన పడితే మైనం. అలాంటి చోట దిగిన ఈ బరువును లాగాలంటే మళ్లీ ఆ ట్రాక్టర్‌వాణ్నే బతిమాలాలి. తాడు కట్టి లాగించడం కూడా ఆఖరి మాటే. బండి ఆగిపోతే నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ మీదే పోవాలి.

తప్పనిసరై వడ్ల మీద నుంచి పోవలసి వస్తే రైతును అడిగి పోండి, దాటాక ఆగి చూసుకోండి. గింజలతో భయం లేదు, గడ్డితోనే భయం. వరిగడ్డి కింద చుట్టుకుని సైలెన్సర్ పైపు దాకా పోతుంది. అప్పటిదాకా హైవే మీద ఇంజిను నడిచి ఉంటే ఆ పైపు నిప్పు మీద పెనం. కాలిన వాసన వస్తే వెంటనే ఆపి, కట్టెతో గడ్డి లాగేయండి, చేత్తో కాదు. ఊరి దారిలో ఎలక్ట్రిక్ మీద పోవడానికి నాకున్న ఇంకో కారణం ఇదే, పైపు కొంచెమైనా చల్లబడుతుంది.

టైర్లు, అవ్వ మోకాళ్లు

ముందు టైర్లు 285/40, 20 అంగుళాలు. వెనకవి 295/35, 21 అంగుళాలు. ముందువి వెనక, వెనకవి ముందు పట్టవు. వెనక టైరు గోడ ఎత్తు 10 సెంటీమీటర్లకు కొంచెం పైన, గుంతలో గట్టిగా పడితే రిమ్ము నేరుగా రోడ్డుతో మాట్లాడుతుంది. మా కారులో స్టెప్నీ లేదు, మందు పోసి గాలి కొట్టే కిట్ ఉంది. మేకు దిగితే అది పనిచేస్తుంది, గోడ చిరిగితే పనిచేయదు. మిర్యాలగూడలో ఏ టైర్ల షాపులోనూ ఈ సైజు దొరకలేదు నాకు. హైదరాబాద్ నుంచి రావాలి. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడండి, మధ్యాహ్నం ఎండలో నడిపి వచ్చాక చూస్తే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది.

అవ్వకు మోకాళ్ల నొప్పులు. కారు సీటు బాగా కిందికి ఉంటుంది, ముందు సీటుకు రెండు పక్కలా ఎత్తు అంచులు. కాలు ముందు పెట్టి ఎక్కబోయి ఒకసారి మధ్యలోనే ఇరుక్కుంది. ఇప్పుడు వెనక డోర్ పూర్తిగా తీసి, అవ్వను వీపు కారు వైపు పెట్టి నిలబెడతాను. మెల్లగా కూర్చున్నాక రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోమంటాను. తల మీద నా చెయ్యి, డోర్ అంచుకు తగలకుండా. దిగేటప్పుడు ఇదే తలకిందులు. అరుగు ఉన్న ఇల్లయితే అరుగుకు ఆనించి ఆపకండి, అక్కడ డోర్ పూర్తిగా తెరుచుకోదు, అంచు రాయికి గీరుకుంటుంది. "రెండు కోట్లు బెట్టి కొన్నరు, ఎక్కనీకి మెట్టు బెట్టలే" అని అవ్వ ప్రతిసారీ అంటుంది.

కడగడం

నల్లగొండ నీళ్ల గురించి మీకు చెప్పేదేముంది. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే నల్ల బానెట్ మీద చుక్క చుక్కకూ తెల్ల గుండ్రం మిగులుతుంది. నీళ్లు ఆవిరై ఉప్పు కూర్చుంటుంది. బట్టతో గట్టిగా రుద్దితే ఆ ఉప్పే గీతలు పెడుతుంది. మొదటి నెలలో నేను అదే చేశాను. మధ్యాహ్నం ఎండలో కడిగి, పాత బనియన్‌తో రుద్దాను. సాయంత్రం ఏటవాలు వెలుతురులో చూస్తే బానెట్ నిండా సాలెగూడు గీతలు. పాలిష్ వాడు మూడు రోజులు తీసుకున్నాడు.

ఇప్పుడు పొద్దు పొడవకముందు, నీడలో, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు కడుగుతాను. మట్టి, పేడ పోయేదాకా మొదట పైప్‌తో మిషన్ భగీరథ నల్లా నీళ్లు. చక్రాల తోరణాల లోపల గడ్డి పరకలు, ఎండిన రేగడి వేళ్లు పెట్టి తీస్తాను. కార్ షాంపూకు రెండు బకెట్లు, ఒకటి నురుగుకు, ఒకటి బట్ట జాడించడానికి. ఆఖరి నీళ్లు మాత్రం ఆర్వో ప్లాంటువి. 20 లీటర్ల క్యాన్లు నాలుగు సరిపోతాయి. పైనుంచి మెల్లగా ధారగా పోసి, మెత్తని మైక్రోఫైబర్ బట్టను రుద్దకుండా పరిచి ఎత్తడమే. కారు కడగడానికి తాగే నీళ్లా అని ఎవరైనా వింటే తిడతారు, తిట్టాలి కూడా. అందుకే నెలకు రెండుసార్లే.

శనివారం పొద్దున్నే ఆటోలో ప్లాంటుకు పోతాను. అక్కడి పిల్లవాడు క్యాన్లు ఎక్కిస్తూ, "ఇంట్ల ఫంక్షనా అన్నా?" అని అడుగుతాడు. అవునంటాను.